ఇయర్‌బడ్స్ పడటం లేదా? దురద చెవిలో ఎక్కడో ముందు చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చెవుల గురించే. మొటిమల వాళ్లూ, జుట్టు రాలుతోందని రాసినవాళ్లూ కాస్త ఓపిక పట్టాలి, వచ్చే సంచికలో మీ వంతు. వైరు ఉన్న రోజుల్లో అది చిక్కులు పడి విసుగొచ్చి అయినా తీసేవాళ్లం, ఇప్పుడు చెవిలో ఒకటి ఉందన్న సంగతే మర్చిపోయి దాంతోనే అన్నం తింటున్నాం, దాంతోనే నిద్రపోతున్నాం. అయితే అందరూ "ఇయర్‌ఫోన్స్ పడటం లేదు" అనే రాసినా అందరి జబ్బూ ఒకటి కాదు, కొందరి విషయంలో పాపం ఇయర్‌ఫోన్స్ తప్పే లేదు. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్, నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఇంటి నుంచే పని. పొద్దున కాల్స్ మొదలైతే రాత్రి అమెరికా వాళ్లతో మాట్లాడటం అయ్యేదాకా చెవిలో బడ్స్ ఉంటాయి. కొత్తవి కొన్న నెలలోపే రెండు చెవుల్లోనూ బడ్ ఆనే చోట ఎర్రబడి, దురద పెట్టి, పొట్టు రాలుతోంది. మెడికల్ షాపులో ఒక ట్యూబ్ ఇచ్చారు. రాస్తే రెండు రోజుల్లో తగ్గింది, ఆపగానే రెట్టింపైంది. నాకు వన్ గ్రామ్ గోల్డ్ కమ్మలు పడవు, పెడితే రసి కారుతుంది. ఇదీ అదే అలర్జీనా? ఇంకా ఖరీదైనవి కొంటే తగ్గుతుందా? – ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ముందు ఆ ట్యూబ్ పక్కన పడేయండి. పేరు రాయలేదు గానీ, రెండు రోజుల్లో మాయమై ఆపగానే రెట్టింపుగా వచ్చిందంటే అందులో ఏముందో ఊహించొచ్చు. ఘాటైన స్టెరాయిడ్, దానికి తోడు ఫంగస్ మందు, యాంటీబయాటిక్, అన్నీ కలిపేసిన క్రీమ్. మన దగ్గర దురద అన్న మాట వినపడితే చాలు, కౌంటర్ మీదకి వచ్చేది అదే. చర్మానికి రాసే స్టెరాయిడ్లని కేంద్ర ప్రభుత్వం 2018లోనే షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతూనే ఉన్నారు, మనం కొంటూనే ఉన్నాం. చెవి లోపలి చర్మం అసలే పల్చన. అక్కడ వారాల తరబడి రాస్తే ఇంకా పల్చబడి సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, ఒకవేళ ఫంగస్ ఉంటే అది పైకి తగ్గినట్టు కనిపిస్తూ కింద కింద పాకుతుంది.

ఇక అసలు సంగతి. ఫోన్ టార్చ్ వేసి ఇంట్లో ఎవరి చేతైనా చెవి ఫొటో తీయించుకుని తీరిగ్గా చూడండి. కమ్మలకి వచ్చే అలర్జీ చాలావరకు నికెల్ అనే లోహం వల్ల, అది తమ్మె దగ్గర, కుట్టిన రంధ్రం చుట్టూ వస్తుంది. మీరు చెబుతున్నది చెవి రంధ్రం బయటి గుంతలో, బడ్ కూర్చునే చోట. బడ్ ఒళ్లంతా దాదాపు ప్లాస్టిక్కే. లోహం అంటే చార్జింగ్ కోసం ఉన్న చిన్న చుక్కలు, స్పీకర్ ముందున్న జల్లెడ, అంతే. నికెల్‌ని పూర్తిగా కొట్టిపారేయను గానీ నా మొదటి అనుమానం దాని మీద కాదు.

మొదటి అనుమానం చెమట మీద. గులిమిని మనం మురికి అనుకుని తెగ గోకి తీసేస్తాం, నిజానికి అది చెవికి కాపలా. దాని జిడ్డు నీళ్లని చర్మానికి అంటనివ్వదు, దాని పులుపు క్రిముల్ని పెరగనివ్వదు. పొద్దున్నించి రాత్రి దాకా చెవికి బిరడా వేసినట్టు బడ్ పెడితే లోపల ఉక్కపోత, చర్మం నాని మెత్తబడుతుంది, మాట్లాడుతున్నప్పుడు దవడ కదిలినప్పుడల్లా బడ్ అక్కడే ఒరుసుకుంటుంది. దానికి తోడు తలస్నానం చేసినప్పుడు చెవిలో మిగిలిన షాంపూ, బడ్ తుడిచిన శానిటైజర్, పొద్దున చెవి వెనక కొట్టుకున్న పెర్ఫ్యూమ్. వీటిలో ఏ ఒక్కటీ అలర్జీ కాకపోయినా అన్నీ కలిస్తే చర్మం మండిపోతుంది. అదే సిలికాన్ టిప్ మీ అన్నయ్యకి ఏమీ చేయకపోవచ్చు, ఎందుకంటే ఆయన రోజుకి అరగంట పెట్టుకుంటాడు.

ఇలా ఒరిపిడితో, తడితో వచ్చినదైతే దురద కంటే మంట ఎక్కువ, బడ్ ఆనిన మేరకే ఎరుపు ఉంటుంది, మానేసిన నాలుగైదు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. అలర్జీ అయితే దురద చంపేస్తుంది, సన్నటి నీటి పొక్కులు లేస్తాయి, రసి కారుతుంది, బడ్ తగలని చోటికి కూడా పాకుతుంది. ఇంకో తిరకాసు ఏమిటంటే అలర్జీ పెట్టుకున్న వెంటనే రాదు, ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. సోమవారం పెట్టుకున్నదానికి బుధవారం దురద మొదలైతే, మనం మంగళవారం తిన్న వంకాయ కూరని తిట్టుకుంటాం.

కాబట్టి రెండు వారాలు చెవి లోపలికి ఏదీ వద్దు. కాల్స్‌కి ల్యాప్‌టాప్ స్పీకర్ చాలు, కుదరకపోతే చెవి చుట్టూ కూర్చునే పెద్ద హెడ్‌ఫోన్ వాడండి, అదీ గంటకోసారి తీస్తూ. బయటి గుంతలో పొడిగా ఉన్నచోట రాత్రి కొద్దిగా పెట్రోలియం జెల్లీ రాయండి, రంధ్రం లోపలికి మాత్రం పోనివ్వొద్దు. పూర్తిగా మానాక ఒక్క చెవికే, రోజుకి గంట చొప్పున, ఒక వారం పెట్టి చూడండి. రెండో చెవి బాగానే ఉండి, శుభ్రంగా పొడిగా వాడినా ఈ చెవికి తిరగబెట్టిందంటే అప్పుడు అలర్జీ అనుకోవాలి.

అలర్జీ అయితే దేనికి? ఈ బుల్లి బడ్స్‌లో మరలు బిగించడానికి చోటుండదు, అన్నీ జిగురుతోనే అతికిస్తారు, ఆ జిగురుల్లో ఎక్కువ అక్రిలేట్లు అనే రసాయనాలు. పూర్తిగా గట్టిపడిన అక్రిలేట్ ఏమీ చేయదు, గట్టిపడకుండా మిగిలిపోయినదే చెమటకి కరిగి చర్మంలోకి దిగుతుంది. ఇది ఉత్త ఊహ కాదు. 2014లో ఫిట్‌బిట్ కంపెనీ ఫోర్స్ అనే చేతి పట్టీని అమెరికాలో వెనక్కి పిలిచింది, అమ్మినవి పది లక్షల దాకా, చర్మం పాడైందని వచ్చిన ఫిర్యాదులు దాదాపు 9,900, అందులో 250 వరకు బొబ్బలు లేచిన కేసులు. యాపిల్ తన వాచ్ గురించి రాసే సూచనల్లో జిగురుల నుంచి వచ్చే అక్రిలేట్లు కొద్ది మోతాదులో ఉంటాయని తనే చెబుతుంది. చూశారుగా, ఖరీదైనది కొంటే తగ్గుతుందన్న గ్యారంటీ ఏమీ లేదు. డబ్బు తగలేసే ముందు ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి.

ప్యాచ్ టెస్ట్ అంటే సూదులు, రక్తం ఏమీ ఉండవు. చిన్న బొట్టుబిళ్లంత గిన్నెల్లో ఒక్కోదాంట్లో ఒక్కో రసాయనం పెట్టి వీపు మీద టేపుతో వరసలుగా అంటిస్తారు, పక్కన పెన్నుతో గుర్తులు వేస్తారు. రెండు రోజులు వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. తీశాక ఒకసారి, నాలుగో రోజు మళ్లీ ఒకసారి చూస్తారు, ఆ రెండోసారి చూడటమే ముఖ్యం, చాలామంది "ఏమీ రాలేదుగా" అని ఎగ్గొడతారు. మన ఎండాకాలంలో రెండు రోజులు వీపు తడపకుండా ఉండటం నరకం, చలికాలంలో పెట్టుకోండి. ఈ పరీక్షకి మన దేశంలో వాడే రసాయనాల సెట్‌లో, దాన్ని ఇండియన్ స్టాండర్డ్ సిరీస్ అంటారు, నికెల్, హెయిర్ డై రసాయనం, రబ్బరు రసాయనాలు, నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ లాంటివి ఉంటాయి, అక్రిలేట్లు కావాలని మీరు ప్రత్యేకంగా అడగాలి. వేలకి వేలు తీసుకుని రక్తంతో చేసే అలర్జీ ప్యానెల్స్ వేరు, అవి ఈ రకం అలర్జీని పట్టలేవు, వాటికి డబ్బు పెట్టకండి. పరీక్ష నాటికి వీపు మీద స్టెరాయిడ్ క్రీమ్ రాసి ఉండకూడదు, స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. ఆ బడ్స్ కూడా వెంట తీసుకెళ్లండి.

ప్రశ్న: మా బాబు ఇంటర్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటాడు. రికార్డు చేసిన క్లాసులు ఇయర్‌బడ్స్ పెట్టుకుని వింటాడు. వానాకాలం మొదలైనప్పటి నుంచి చెవి దురద, దిబ్బడ. శెలవులకి వస్తే వెల్లుల్లి వేసి కాచిన నూనె పోశాను, ఇంకా ఎక్కువైంది. నిన్న దూది పెట్టి తీస్తే నల్లగా చుక్కలు చుక్కలుగా వచ్చింది. ఇయర్‌ఫోన్స్ కరెంటుకి లోపల కాలిందా? – ఒక తల్లి, తెనాలి

జవాబు: కాలలేదమ్మా, కంగారు పడకండి. ఆ నల్ల చుక్కలు బూజు. రొట్టె మీద వచ్చే బూజు జాతిదే, ఆస్పర్‌జిల్లస్ అంటారు, వానాకాలంలో మన తీరప్రాంతపు ఉక్కకి చెవుల్లో ఇష్టంగా పెరుగుతుంది. తడిసిన పేపరు ముక్కలా తెల్లటి పొర, దాని మీద నల్లటి చుక్కలు ఉంటే చెవి డాక్టర్లకి చూడగానే తెలిసిపోతుంది. బడ్స్ దాన్ని పుట్టించలేదు గానీ తడి ఆరనివ్వకుండా ఇల్లు కట్టించి ఇచ్చాయి. స్నానం చేసి తల తుడుచుకుంటూనే బడ్స్ పెట్టేసే అలవాటు ఉందేమో అడగండి, ఉండే ఉంటుంది. పక్క మంచం అబ్బాయి బడ్స్ ఇతను, ఇతనివి అతను పెట్టుకోవడం కూడా హాస్టళ్లలో మామూలే, టూత్‌బ్రష్ అయితే అలా ఇచ్చిపుచ్చుకుంటారా?

నూనె పోయడం ఆపండి. నూనె బూజుకి మేత. వెల్లుల్లి అయితే చర్మాన్ని నిజంగానే కాలుస్తుంది, గోరువెచ్చగా ఉన్నా సరే, రోజూ వెల్లుల్లి ఒలిచే వంటవాళ్ల వేళ్లు పగలడానికి కారణం అదే. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ చుక్కలు కొని వేయొద్దు, వాటితో బూజు ఇంకా పెరుగుతుంది. చెవి డాక్టర్ దగ్గరికి వెళితే చిన్న మెషిన్‌తో ఆ బూజంతా పీల్చేసి, కర్ణభేరికి చిల్లు లేదని చూసి, ఫంగస్ చుక్కలు ఇస్తారు. శుభ్రం చేయించకుండా చుక్కలు మాత్రమే వేస్తే మందు బూజు పైనే ఆగిపోతుంది. దురద మూడు రోజుల్లో పోయినా చుక్కలు డాక్టర్ చెప్పినన్నాళ్లూ, మామూలుగా రెండు మూడు వారాలు, వేయాలి. తలస్నానానికి ముందు దూది ఉండకి వాజలిన్ రాసి చెవి బయట అడ్డం పెట్టమనండి. క్లాసులు స్పీకర్‌లో వినాలి, పక్కవాళ్లు గోల పెడితే ఆ చెవి మానేదాకా రెండో చెవికి ఒక్కదానికే పెట్టుకోవాలి. అగ్గిపుల్ల, పిన్నీసు, పెన్ను మూత చెవిలో పెట్టకూడదని మళ్లీ చెప్పక్కర్లేదనుకుంటా, మీరే దూది పెట్టి తీశానన్నారు.

ప్రశ్న: మావారికి యాభై నాలుగేళ్లు. రెండు చెవుల పైభాగం వాచి, నీటి పొక్కులు వచ్చి, నుదుటి మీదకి, కనురెప్పల మీదకి దిగింది. పెళ్లికి వెళ్లడానికి ముందు మా అబ్బాయి కొత్త ఇయర్‌ఫోన్స్ ఇచ్చాడు, అవే కారణం అంటున్నారు. – కరీంనగర్

జవాబు: పెళ్లికి ముందు ఇయర్‌ఫోన్స్ ఒక్కటేనా, జుట్టుకి రంగు కూడా వేసుకున్నారా? చెవి పైభాగం, నుదురు, కనురెప్పలు కలిసి వాచాయంటే ముందు అడగాల్సింది అది. నల్ల హెయిర్ డైలో ఉండే పారాఫినిలిన్‌డయమిన్, పొట్టిగా పీపీడీ, మన దగ్గర నేను మాటిమాటికీ చూసే అలర్జీ. పదేళ్ల నుంచి వేసుకుంటున్నా ఏమీ కాలేదు కదా అంటారు. అలర్జీ అలాగే వస్తుంది, పదేళ్లు ఊరుకుని పదకొండో ఏట. ప్యాకెట్ మీద హెర్బల్ అనీ, హెన్నా అనీ ఉన్నా, పావుగంటలో జుట్టు నల్లగా చేస్తోందంటే అందులో ఇది ఉందనే అనుమానించాలి, ఆకు ఒక్కటే అంత నలుపు ఇవ్వదు. కళ్లు మూసుకుపోయేంత వాపు ఉంటే వెంటనే డాక్టర్‌కి చూపించండి. ఇకమీద ఆయన రంగు జోలికి వెళ్లకూడదు, "కొంచెమే, మీసానికి మాత్రమే" అని కూడా. ఇయర్‌ఫోన్స్ మీ అబ్బాయికి తిరిగి ఇవ్వక్కర్లేదు.

ప్రశ్న: నేను విశాఖలో పార్లర్ నడుపుతున్నాను, జెల్ నెయిల్స్ ఎక్కువ చేస్తాను. ఏడాదిగా వేళ్ల చివర్లు పగిలి మండుతున్నాయి. ఇప్పుడు ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే మూడో రోజుకి చెవిలో రసి. ఇంకో కంపెనీవి మార్చినా అంతే. మొన్న అమ్మకి షుగర్ చూసే సెన్సర్ చేతికి అతికిస్తే అది ఉన్న మేర గుండ్రంగా దద్దు లేచింది. ఇది మా ఇంట్లో వంశపారంపర్యమా?

జవాబు: వంశం కాదు, జిగురు. మీ ఉత్తరం ఈ నెల వచ్చినవాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది, కొంచెం శ్రద్ధగా చదవండి.

జెల్ నెయిల్ పాలిష్ అంటే ద్రవరూపంలో ఉన్న అక్రిలేట్, ముఖ్యంగా హీమా అనే రసాయనం. ల్యాంప్ కింద పెడితే గట్టిపడుతుంది. ల్యాంప్ ఒక కంపెనీది, జెల్ ఇంకో కంపెనీది అయినా, పూత మందంగా వేసినా, టైం తగ్గించినా లోపల పచ్చిగా మిగిలిపోతుంది. మీరు రోజంతా ఆ పచ్చి జెల్ పక్కకి కారితే వేలితో తుడుస్తారు, గోరు అరగదీసిన పొడిలో కూర్చుంటారు. ఏళ్ల తరబడి అలా తగిలి తగిలి ఒంట్లో రక్షణ వ్యవస్థ దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంది. గుర్తుపెట్టుకున్నాక ఇక మర్చిపోదు. వేళ్ల దగ్గర మొదలైంది చెవి దగ్గర బయటపడిందంటే, బడ్స్‌లో మిగిలిన కాస్త జిగురుకే మీ చర్మం కేకలు పెడుతోందని. అందుకే కంపెనీ మార్చినా ఫలితం లేదు. కనురెప్పలు కూడా దురద పెడుతుంటాయి చూడండి, చేతులు కళ్లకి తగులుతాయి కాబట్టి. అమెరికాలో చర్మపు అలర్జీలు చూసే డాక్టర్ల సంఘం ఏటా ఒక పదార్థాన్ని ఆ ఏటి అలర్జీకారకంగా ప్రకటిస్తుంది, 2012లో అది అక్రిలేట్లు. 2020లో ఐసోబోర్నైల్ అక్రిలేట్, అది గ్లూకోజ్ సెన్సర్ల జిగురులో బయటపడి గొడవైన రసాయనం. అమ్మగారిది బహుశా ఆ రెండోది. రెండూ ఒక కుటుంబానివే అయినా ఒకదానికి పడనివాళ్లకి ఇంకోటి పడకూడదనేం లేదు, అందుకని ఇద్దరికీ విడివిడిగా పరీక్ష చేయించాలి. అమ్మగారికి సెన్సర్ ఇష్టమొచ్చినట్టు మాన్పించేయకండి, షుగర్ డాక్టర్‌తో మాట్లాడి వేరే రకం చూడండి, అన్నిటి జిగురూ ఒకటి కాదు.

మీకు మాత్రం ఇది బతుకుతెరువు కాబట్టి గట్టిగా చెబుతున్నా. పార్లర్లలో వాడే పల్చటి రబ్బరు గ్లౌజులు అక్రిలేట్‌ని నిమిషాల్లో లోపలికి వదిలేస్తాయి. నైట్రైల్ గ్లౌజులు మేలు, అవి కూడా గంటల తరబడి ఆపలేవు, మాటిమాటికీ మార్చాలి, జెల్ అంటితే వెంటనే. పచ్చి జెల్ చర్మానికి తగలని పద్ధతి పట్టుబడకపోతే ఆ పని సహాయకురాలికి అప్పజెప్పి మీరు వేరే సర్వీసులు చూసుకోవడం మంచిది, ఆ అమ్మాయికీ గ్లౌజులు ఇచ్చి. పరీక్షలో అక్రిలేట్ అని తేలితే ఆ కాగితం దాచుకోండి. పళ్ల డాక్టర్ రంగు కలిసే ఫిల్లింగ్ వేసేటప్పుడు, కట్టుడు పళ్లకి, రేపు ఎప్పుడైనా మోకీలు మార్చే ఆపరేషన్‌కి వాడే ఎముకల సిమెంటుకి, వినికిడి యంత్రం అచ్చుకి, అన్నిటికీ ఈ కుటుంబమే వాడతారు. అవన్నీ మీకు నిషేధం అని కాదు, డాక్టర్‌కి ముందే తెలిస్తే జాగ్రత్తపడతారు. మీ కస్టమర్లలో ఎవరైనా ఇంట్లో సొంతంగా చేసుకునే జెల్ కిట్లు కొంటామంటే కూడా ఒక మాట చెప్పండి.

ప్రశ్న: బ్లూటూత్ రేడియేషన్ వల్లే చెవి దగ్గర చర్మం పాడవుతుందని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా? – నిజామాబాద్

జవాబు: కాదు. బడ్స్ వదిలే శక్తి కొన్ని మిల్లీవాట్లు, ఆ శక్తికి చర్మం వేడి కూడా ఎక్కదు, దద్దు లేవడం తర్వాతి మాట. బడ్ నిజంగా వేడెక్కి చురుక్కుమంటే మాత్రం అది బ్యాటరీ గొడవ, వెంటనే తీసి పక్కన పెట్టండి, మళ్లీ చార్జింగ్ పెట్టొద్దు.

ప్రశ్న: నేను రైతుని. పొలానికి పోతే పాటలు వింటూ పని చేస్తా. చెవుల వెనక, మెడ, కళ్ల చుట్టూ, మోచేతి మడతల్లో చర్మం మందంగా, నల్లగా అయిపోయి దురద. కొడుకు ఇయర్‌ఫోన్స్ తీసేయమన్నాడు, తీసేసి రెండు నెలలైనా తగ్గలేదు. – మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ఇయర్‌ఫోన్స్ మోచేతి మడతలోకి ఎలా పోతాయి చెప్పండి? మీ గట్ల మీద తెల్లటి చిన్న పూలతో, క్యారెట్ ఆకులాంటి ఆకుతో వయ్యారిభామ మొక్క ఉండే ఉంటుంది. 1950ల్లో మన దేశంలో కనపడిన ఈ పార్థీనియం ఇప్పుడు లేని ఊరు లేదు. దాని ఎండు పొడి గాలిలో ఎగిరి ఒంటి మీద మడతలున్న చోటల్లా చేరుతుంది, అందుకే కనురెప్పలు, చెవుల వెనక, మెడ, మోచేతి మడత. ఎండాకాలం చివర, వానలకి ముదిరి, చలికాలం కాస్త తెరిపి ఇస్తుంది, మీకూ అంతేనా? పొడుగు చేతుల చొక్కా, మెడకి తువ్వాలు వేసుకోండి, పొలం నుంచి రాగానే స్నానం చేసి ఆ బట్టలు వేరేగా ఉతికించండి. ఆ మొక్కని వట్టి చేత్తో పీకొద్దు, పీకి కుప్ప తగలబెట్టి పొగలో నిలబడొద్దు, వీలైతే మీరు కాకుండా అది పడేవాళ్లతో పూత రాకముందే తీయించండి. ఇది ముదిరితే మామూలు క్రీములకి లొంగదు, కొందరికి మాత్రలు కావాలి, కాబట్టి జిల్లా ఆసుపత్రిలో చర్మ డాక్టర్‌ని కలవండి. పాటలు వినండి, ఏం ఫర్వాలేదు.

ప్రశ్న: నెక్‌బ్యాండ్ ఆనే చోట మెడ వెనక తెల్లమచ్చ వచ్చింది మేడమ్. పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, ఇంట్లో బొల్లి అని ఏడుస్తున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఏడుపు ఆపమనండి ముందు. అక్కడ ఇంతకుముందు ఎర్రబడి దురద పెట్టి తగ్గిందా? తగ్గిన చోట రంగు వెలిసినట్టు లేతగా ఉంటే అది నెలల్లో దానంతట అదే కలుస్తుంది. అలా కాకుండా సుద్దలా పూర్తిగా తెల్లగా, నెక్‌బ్యాండ్ ఆకారంలోనే ఉంటే రసాయనం వల్ల వచ్చిన మచ్చ కావచ్చు. మన ఆడవాళ్లకి ఇది కొత్త కాదు, స్టిక్కర్ బొట్టు పెట్టుకునే చోట నుదుటి మీద తెల్లమచ్చ చాలామందికి తెలుసు, ఆ జిగురులో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్‌ఫినాల్ రంగునిచ్చే కణాల్ని చంపేస్తుంది. రబ్బరు చెప్పుల పట్టీల కింద పాదం మీద వచ్చేదీ దాదాపు ఇలాంటిదే. ఆ జిగురు, ఆ రబ్బరు నెక్‌బ్యాండ్‌లోనూ ఉండొచ్చు. ఈరోజే మానేయండి, మానేస్తే కొందరికి దానంతట అదే, ఇంకొందరికి మందులతో రంగు తిరిగొస్తుంది, త్వరగా మానినవాళ్లకి అవకాశం ఎక్కువ. తగలని చోట కూడా కొత్త మచ్చలు వస్తుంటే, అంటే పెదవులు, వేళ్ల చివర్లు, అప్పుడు బొల్లి అనుకుని చూడాలి. డాక్టర్ వుడ్స్ ల్యాంప్ అనే ఊదారంగు లైటు వేసి చూస్తే చాలా మటుకు తేలిపోతుంది. బొల్లి అయినా అది అంటుకునేది కాదు, సంబంధం వాళ్లకి దాచాల్సినంత పాపమూ కాదు.

ప్రశ్న: నాన్నగారికి డెబ్బై ఒకటి, షుగర్ ఉంది. ఫోన్ మాట్లాడటానికి ఒక చెవికే ఇయర్‌బడ్ పెట్టుకుంటారు. ఆ చెవిలో దురద పది రోజులుగా, ఇప్పుడు రాత్రిళ్లు నొప్పికి నిద్ర లేదు. పొక్కులు ఉన్నాయి, అక్కి అని ఊళ్లో జాజుతో రాయించాం. – పశ్చిమ గోదావరి

జవాబు: ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికే చూపించి ఉంటారని ఆశ, అందుకే ఫోన్ చేసి కూడా చెప్పాం. షుగర్ ఉన్న పెద్దవాళ్లకి చెవిలో నొప్పి రాత్రి నిద్ర పట్టనివ్వనంత ఉంటే అది చర్మపు దురద లెక్కలోకి రాదు. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చెవి చర్మం నుంచి వెనక ఎముకలోకి దిగే ప్రమాదం వీళ్లకే ఎక్కువ, చుక్కల మందుతో సరిపోదు, ఇంజెక్షన్లు కావాలి. అక్కి అయినా సరే, చెవిలో అక్కి వస్తే మూతి వంకర పోవచ్చు, కళ్లు తిరగొచ్చు, మందు మొదటి మూడు రోజుల్లో పడితేనే బాగా పని చేస్తుంది. జాజు రాయిస్తే రాయించారు, దాని కోసం డాక్టర్‌ని వాయిదా వేయకండి. షుగర్ లేనివాళ్లు కూడా చెవి డొప్ప మొత్తం ఎర్రగా వాచి, తమ్మె మాత్రం మామూలుగా ఉంటే అదే రోజు వెళ్లాలి, డొప్పలోని మృదులాస్థికి చీము పట్టిందన్నమాట, ఈ మధ్య చెవి పైభాగంలో కుట్టించుకునే పిల్లల్లో ఇది బాగా చూస్తున్నాం, ఆలస్యమైతే చెవి ముడుచుకుపోతుంది.

ప్రశ్న: బడ్స్ దేనితో శుభ్రం చేయాలి? శానిటైజర్ కొట్టొచ్చా? – పలువురు

జవాబు: శానిటైజర్ కొట్టి తడి ఆరకుండా పెట్టుకుంటే అదే ఒక కొత్త దద్దు. సిలికాన్ టిప్ ఊడదీసి ఉత్త నీళ్లతో కడిగి, మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి తొడగండి, సబ్బు వాడితే దాని జిడ్డు టిప్ అంచుల్లో మిగిలిపోతుంది. జల్లెడ మీద గులిమి పేరుకుంటే పొడి మెత్తటి బ్రష్‌తో, జల్లెడ కిందికి ఉండేలా పట్టుకుని దులపండి, పిన్నుతో గుచ్చకండి. చాలామంది మర్చిపోయేది డబ్బా. చెమట బడ్స్‌ని నేరుగా అందులో పడేసి మూత వేస్తారు, చెవి కంటే ఎక్కువ తడి అక్కడే. జిమ్ నుంచో, హెల్మెట్ తీసో వచ్చాక బడ్స్ కాసేపు గాలికి ఆరనిచ్చి అప్పుడు పెట్టండి, వారానికోసారి డబ్బా లోపల కూడా తుడవండి. టిప్ పసుపురంగుకి తిరిగినా, జిగటగా అనిపించినా మార్చేయండి, అవి విడిగా దొరుకుతాయి. టిప్ సైజు కూడా చూసుకోండి, ఊడిపోతుందని పెద్దది బిగించి పెట్టుకునేవాళ్లకే రంధ్రం అంచున పుండు పడుతోంది.